నిరోష చేతికొచ్చిన సాల్టు

అమీర్‌పేటలో నిరోష చదివే ఇంటర్ కాలేజీ పేరుకే కాలేజీ. కింద కళ్లద్దాల షాపు, పైన కంప్యూటర్ కోచింగు, ఆ పైన వీళ్లు. కిటికీలన్నిటినీ ర్యాంకర్ల ఫ్లెక్సీ మూసేసింది. రోడ్డు మీద పోయేవాళ్లకు ర్యాంకర్లు నవ్వుతూ కనిపిస్తారు, లోపలున్నవాళ్లకు గాలి తగలదు. పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా బిట్లు, బిట్లు, మళ్లీ బిట్లు. బయట వాన పడిందన్న సంగతి ఇంటికెళ్లేటప్పుడు తడిసిన మెట్లు చూసి తెలుసుకోవాల్సిందే.

నిరోషకు కెమిస్ట్రీ అంటే ప్రాణం. పదో తరగతిలో టీచరు మెగ్నీషియం రిబ్బన్ కాల్చి చూపించినప్పుడు పట్టిన పిచ్చి అది. పంజాగుట్ట సందులో బ్లౌజులు కుట్టే ఆమె తండ్రి అంబదాస్, ఆ పిచ్చి చూసే ఇక్కడ చేర్పించాడు. పాపం, ఆయనకేం తెలుసు? ఇక్కడ కెమిస్ట్రీ అంటే నాలుగు ఆప్షన్లలో ఒకటి దిద్దడం. ల్యాబుకు రెండేళ్లుగా తాళమే. మానేస్తానంటే ఇంట్లో ఒప్పుకోరు, ఉంటే ఊపిరాడదు. అందుకే ప్రాక్టికల్ పరీక్ష కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసింది. ఇచ్చిన పొడి ఏ సాల్టో ఆ ఒక్కసారైనా తన చేత్తో తాను కనుక్కోవాలి. అంతే ఆమె కోరిక.

పరీక్ష రోజు లెక్చరర్ జోగారావు అందరికంటే ముందొచ్చి గొంతు తగ్గించాడు.

"ఈ వరుసకి అల్యూమినియం సల్ఫేటు. బట్టీ పట్టింది రాసేయండి. బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారికీ చెప్పేశాం. ప్రయోగాలంటూ ట్యూబులు పగలగొట్టకండి."

పక్కనున్న భావన ట్యూబులో మంచినీళ్లు పట్టి ముందు పెట్టుకుని గబగబా రాసుకుపోతోంది. నిరోష మాత్రం పొడిని నీళ్లలో కరిగించింది. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ చుక్కలు వేస్తే పాలు విరిగినట్టు తెల్లగా విరిగింది. అల్యూమినియం అయితే ఇలా విరగకూడదు. ఇంకో ట్యూబులో కాస్త కరిగించి పొటాషియం అయోడైడ్ వేసింది. పచ్చటి పసుపు. వేడి చేస్తే ఆ పసుపు మాయమైంది. కుళాయి కింద చల్లార్చగానే బంగారు రేకులు మెరుస్తూ కిందికి దిగాయి. సీసం! ఇన్నాళ్లూ అచ్చులో చదివి వల్లెవేసిన బంగారు రేకులు ఇవేనా! సంతోషంతో ఆమెకు ఏడుపొచ్చింది. అటెండర్ వీర్రాజు పొడుల డబ్బాలు తారుమారు చేశాడన్నమాట.

"సార్, గిది అల్యూమినియం కాదు. లెడ్ సార్. జర చూడుండ్రి."

జోగారావు చూశాడు. చూసి, ఎవరికీ కనబడకుండా ట్యూబుకు అడ్డంగా నిలబడ్డాడు.

"లెడ్డే. అయితే ఏంటమ్మా? నువ్వొక్కదానివి లెడ్ అని రాస్తే మిగతావాళ్లంతా తప్పు రాసినట్టు కాదూ? వాళ్ల మార్కులు నువ్విస్తావా?"

"నేను చేసిన సార్. నా కండ్లతోని చూసిన."

"చూశావుగా, సంతోషం. ఇప్పుడు రాయి."

"నీకు దండం పెడ్తనే నిరోషా, మా మార్కులు సుత పోతయి," అని భావన చెయ్యి పట్టుకుంది. వరుసంతా తల తిప్పి ఆమెనే చూస్తోంది. నిరోషకు ఒళ్లు మండిపోయింది. సాల్టు పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేసింది. ఎక్స్‌టర్నల్ అడుగుతారు కదా, ఆయనతోనే చెప్పేస్తాను, ఏమైతే అదవుతుంది అని మొండికేసింది.

ఆయన రానే వచ్చారు.

"ఊఁ, ఏం గమనించావమ్మా? ఏ సాల్టు?"

ట్యూబు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. లెడ్ అని చెప్పడానికే నోరు తెరిచింది.

"వైట్ జిలాటినస్ ప్రెసిపిటేట్ సార్. అల్యూమినియం సల్ఫేట్ సార్."

రెండేళ్ల బట్టీ ఆమెను అడగకుండానే బయటికొచ్చేసింది.

"వెరీ గుడ్," అని ట్యూబు వైపు చూడకుండానే సంతకం పెట్టి ఆయన పక్క బల్లకు వెళ్లిపోయారు.

ఇందాకటిదాకా జోగారావు మీదున్న కోపం ఇప్పుడు ఎవరి మీద చూపాలో నిరోషకు తెలియలేదు. ఇంకో మాటేదైనా తనంతట తాను బయటపడుతుందేమోనన్న భయంతో రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.