తిమ్మమ్మ ఇచ్చిన నెత్తురు

గద్వాల చుట్టుపక్కల సీడు పత్తి చేలల్లో తిమ్మమ్మ పేరు తెలియని వారు లేరు. పువ్వుకు పువ్వు రాసి విత్తనం కట్టించే కూలీలకు ఆమే మేస్త్రి. ఎండకు జడవదు, పురుగుకు జడవదు, చేను ఆసామికి అసలే జడవదు. తనకు తెలియనిది ఒకటుందంటే చచ్చినా ఒప్పుకోదు. అలాంటి మనిషిని 2007లో దగ్గు పట్టుకుంది.

పురుగుమందు వాసన పడలేదని తనకు తానే తేల్చేసింది. తర్వాత కన్ను ఎర్రబడింది. గట్టెక్కితే ఆయాసం. ఎక్స్‌రే చూసిన డాక్టరు టీబీ అన్నాడు. ఆ మాట వినగానే తిమ్మమ్మ తన చెంబు వేరు పెట్టుకుంది. దాన్ని ముట్టుకున్నందుకు భర్త చెన్నయ్యను వాడంతా వినేలా తిట్టింది. మందులు ఒక్క పూట తప్పకుండా మింగింది. దగ్గు తగ్గనే లేదు.

చెన్నయ్య ఆమెను బతిమాలి హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయాడు. గొంతులోకి గొట్టం దించి, చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు.

"అమ్మా, ఇది టీబీ కాదు. సార్కాయిడోసిస్ అంటరు," అంది డాక్టర్ సరిత.

"సర్కారు డోసా? నేను సర్కారు నౌకర్ని గాదు గద!"

సరిత నవ్వు ఆపుకుంది. "పేరు ఏదైనా కానీ, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఒంటిని కాపాడే కణాలే ఉత్తగ గుంపులు గట్టి ఊపిరితిత్తుల్ల చిన్న చిన్న గడ్డలు చేస్తయి."

తిమ్మమ్మ చెవిన పడింది 'అంటదు' అన్న మాట ఒక్కటే. చెన్నయ్య చేతిలోని నీళ్ల సీసా గుంజుకుని ఎంగిలి చూడకుండా గటగటా తాగేసింది.

మందులు రాశాక సరిత మెల్లగా ఇంకో సంగతి ఎత్తింది. "ఈ రోగం కొందరికి దానంతట అదే పోతది. కొందరికి ముదిరి ఊపిరితిత్తుల్ని పాడు చేస్తది. ఒంట్ల పనులు నడిపించే జీన్స్ వేలకొద్దీ ఉంటయి, అన్నీ ఒక్కసారి పనిచెయ్యవు. ముదిరినోళ్ల నెత్తురుల ఏవి ఎక్కువ పనిచేస్తున్నయో చూస్తున్నం, అది తెలిస్తే ఎవరికి ముదురుతదో ముందే పట్టొచ్చు. జర నెత్తురిస్తవా?"

"అంటే కూలోళ్లల్ల పనిచేసెటోళ్లు ఎవరు, గట్టు మీద కూసునెటోళ్లు ఎవరు అని చూసుడు."

"గంతే."

"మరి నాది ముదిరేదా, పోయేదా?"

"ఇప్పుడు చెప్పరాదమ్మా. మేమింకా నేర్చుకుంటున్నం. ఇచ్చినా ఇయ్యకున్నా నీ మందులు మారవు."

"నీకే తెల్వకపాయె, నాకు లాభం లేకపాయె! ఎందుకియ్యాలె?" అని కొంగు దులుపుకుని బయటికి నడిచింది.

బయట బల్ల మీద నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన రాములమ్మ కూర్చుని ఉంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. ఆమెదీ అదే రోగం. ఏండ్ల తరబడి టీబీ మందులే మింగిందట. "ముందుగాల తెలిస్తె గిట్ల కాకపోవు అక్కా," అనడానికే మూడుసార్లు ఆగింది. తిమ్మమ్మ పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది.

తర్వాత లోపలికి పోయి చెయ్యి చాపింది. "తీస్కో బిడ్డా. సూది జర సక్కగ గుచ్చు, నాకు భయం లేదు గని మా ఆయనకు కండ్లు తిరుగుతయి." సూది దిగుతుంటే కళ్లు గట్టిగా మూసుకున్నది ఆమే.

మందులతో దగ్గు తగ్గింది. ఆ మందుల గుణానికే ఆకలి పెరిగింది, ముఖం గుండ్రంగా ఉబ్బింది. చేలో ఆడవాళ్లు "మేస్త్రమ్మకు పున్నమొచ్చింది" అని నవ్వితే, "అమాస మొగాలోళ్లకు గట్లనే కనపడ్తది" అని బదులిచ్చేది. మాత్రలు తగ్గించాక ముఖం మామూలైంది. ఊపిరితిత్తుల్లో కొంచెం మచ్చ మిగిలిందన్నారు. ఎక్కువ దూరం నడిస్తే ఆగాల్సిందే.

రెండేండ్ల తర్వాత సరిత చెప్పింది: రోగం ముదిరినవాళ్ల నెత్తురులో కొన్ని జీన్స్ ఒక తీరుగా పనిచేస్తున్నట్టు కనిపించిందట. దాన్నిబట్టి ఎవరికి ముదిరిందో, ఎవరికి ముదరలేదో చాలామంది విషయంలో సరిగ్గానే చెప్పగలిగారు, అందరి విషయంలో కాదు. ఇంకా ఎందరినో చూస్తే తప్ప నమ్మడానికి లేదు.

"రాములమ్మ ఎట్లుంది?" అని అడిగింది తిమ్మమ్మ.

సరిత తల దించుకుంది. "పోయిన చలికాలం పోయిందమ్మా."

బస్సు కొత్తకోట దాకా వచ్చినా తిమ్మమ్మ నోరు విప్పలేదు. చెన్నయ్య హడలిపోయాడు. "ఏమాయెనే? జర తిట్టన్న తిట్టు," అన్నాడు.

"మళ్ల పోదమయ్యా," అంది తిమ్మమ్మ. "ఇంకా మంది కావాలన్నది గద. ఈసారి నీ నెత్తురు గూడ ఇద్దువు, రోగం లేనోళ్లది గూడ చూస్తరట."

చెన్నయ్యకు అప్పుడే కళ్లు తిరిగాయి.