గోడ మీది కోటయ్యకు ఒక టీ

ఆంజనేయులుకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. చచ్చిపోయినవాళ్లను సలహా అడుగుతాడు. అడిగి ఊరుకుంటే ఫరవాలేదు, వాళ్లేమన్నారో మనకు కూడా చెబుతాడు.

నరసరావుపేటలో ఆయనది ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టు. పోయినవాళ్ల ఫొటోలు పెద్దవి చేయించి, మళ్లీ తీసుకెళ్లడానికి రానివాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. ఆ పటాలన్నీ ఎదురు గోడ నిండా వేలాడుతుంటాయి. కంప్యూటర్లో పాత ఫొటోలు బాగుచేసే పనికి చేరిన మొదటి రోజే సాబిరాకు ఒళ్లు జలదరించింది. ఎటు తిరిగి కూర్చున్నా ఎవరో ఒకరు ఆమెనే చూస్తున్నారు.

"కుర్చీ కాస్త పక్కకు జరుపుకోమ్మాయ్," అన్నాడు ఆంజనేయులు. "గోడ మీది మాస్టారికి నీ స్క్రీను కనపడటం లేదంట."

మధ్యాహ్నం టీకొట్టు ఫహీమ్ మూడు టీలు తెచ్చాడు. కొట్లో ఉన్నది ఇద్దరే.

"మూడోది ఎవరికి బాబాయ్?"

"కోటయ్యకు."

కోటయ్య తలపాగాతో, గుబురు మీసాలతో గోడ నడిమధ్యన ఉన్నాడు. కోటప్పకొండ తిరునాళ్లలో తీయించుకున్న ఫొటో.

"మరి మిగతావాళ్లకు?"

"వాళ్లందరికీ షుగరమ్మా."

సాబిరా నవ్వుకుంటూ భోజనానికి ఇంటికెళ్లింది. తిరిగొచ్చేసరికి కోటయ్య గ్లాసు ఖాళీగా ఉంది. నువ్వే తాగావు కదా అంటే, అమ్మతోడు, చుక్క ముట్టుకోలేదన్నాడు ఆంజనేయులు. కోటయ్య పటం కొంచెం పక్కకు ఒరిగింది. గాజు మీద, సరిగ్గా ఆయన చెంప దగ్గర, తడి వేళ్ల గుర్తులు. ఆ రోజు నుంచి సాబిరా ఆ గోడకు వీపు పెట్టి కూర్చోవడం మానేసింది.

ఉగాది దగ్గరపడింది. కొత్త సంవత్సరానికి కొట్టు కొత్తగా కనపడాలని ఆమె పంతం పట్టింది. సున్నం వేయించాలి, బోర్డు మార్చాలి, ఆ గోడకు లైట్లు వెలిగే పెళ్లి ఫ్రేములు పెట్టాలి. పెళ్లి ఆల్బమ్ కోసం వచ్చినవాళ్లు గోడ మీద జనాన్ని చూసి గుమ్మంలోంచే వెనక్కి పోతుంటే కొట్టు ఎన్నాళ్లు నడుస్తుంది?

"గోడకు ఏం రంగేద్దాం బాబాయ్?"

ఆయన గోడ వైపు చెవి పెట్టాడు. "గులాబీ తప్ప ఏదన్నా వెయ్యమంటున్నారు మాస్టారు."

"వీళ్లందర్నీ లోపల గదిలో పెడదాం."

"కోటయ్య రాడమ్మాయ్. చీకటంటే భయమంట."

"అయితే నువ్వూ కోటయ్యా నడుపుకోండి ఈ కొట్టు. పండగెళ్లాక నేను రాను."

ఆంజనేయులు ముఖం చిన్నబోయింది. గోడకేసి చూశాడు. ఎంతసేపు చూసినా ఆ పూట గోడ కూడా ఏమీ చెప్పినట్టు లేదు.

పండగ ముందు రోజు మధ్యాహ్నం ఆయన మామిడాకులకు వెళ్లాడు. ఇదే సందని సాబిరా భోజనం మానుకుని స్టూలెక్కింది. మొదట కోటయ్యనే దించి, గోనెసంచి కప్పింది. పటం ఉన్నంత మేరా గోడ తెల్లగా తేలింది. ఉన్నట్టుండి కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది. వెనకనుంచి ఎవరో అన్నారు:

"ఏడమ్మా మాయన?"

సాబిరా ఉలిక్కిపడింది. తిరిగి చూస్తే గుమ్మంలో ఒక పెద్దావిడ. బొల్లాపల్లి నుంచి బస్సెక్కి వచ్చిన కొండమ్మ, కోటయ్య భార్య. ఖాళీ మేకును చూసి ఆమె అరచేత్తో కళ్లు తుడుచుకుంటోంది.

సాబిరా గబగబా పటం తీసి బల్ల మీద నిలబెట్టింది. కొండమ్మ తడి చెయ్యి ఆయన చెంప మీద వేసింది.

"ఫొటో తెచ్చుకోమని ఇంటికాడ పోరతన్నారమ్మా. తీసుకుపోతే దండేస్తారు, బొట్టు పెడతారు. ఇంక అయిపోయినట్టేగా? ఇంట్లో ఈయనతో మాట్టాడితే నాకు మతి పోయిందంటారు. మీ బాబాయ్ ఒక్కడే, ఈయనేమన్నాడో చెప్తాడు. మధ్యానం పూట వచ్చి ఈయన వాటా టీ తాగి పోతా."

సాబిరా పటాన్ని ఆమె వైపు తిప్పింది. పిచ్చి బాబాయ్, ఆ ఒక్క ముక్క ముందే చెప్పి ఏడవచ్చు కదా!

కొండమ్మ పటం మీదికి వంగింది. "రేపు పండగయ్యా. ఈ ఏడన్నా ఇంటికొస్తావా?" అడిగి, జవాబు కోసం సాబిరా ముఖంలోకి చూసింది.

"దండ వెయ్యనంటే వస్తానంటున్నాడు పెద్దమ్మా," అంది సాబిరా. ఆ మాట తన నోట్లోకి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు.

కొండమ్మ ఒక్క క్షణం నోరు తెరిచి, ఫక్కున నవ్వింది. "పూలు పడవు ఈయనకి! పెళ్లిలో దండ పడిందగ్గర్నించీ తుమ్ముతానే తాళి కట్టాడు. నీకెట్టా తెలిసిందే?"

సాబిరా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

ఆంజనేయులు మామిడాకులతో వచ్చేసరికి మేకు ఖాళీ.

"కోటయ్య గారు ఇంటికెళ్లారు బాబాయ్. దండ లేకుండా."

"తెలుసమ్మాయ్," అన్నాడాయన, తోరణం కట్టుకుంటూ. "పూలు పడవని పొద్దున్నే చెప్పాడుగా."

పండగ రోజు కోటయ్య మేకుకు లైట్లు వెలిగే పెళ్లి ఫ్రేము ఎక్కింది. చుట్టూ పాతవాళ్లు పెళ్లికొచ్చిన పెద్దల్లా కుదురుగా ఉన్నారు. ఫహీమ్ గుమ్మంలోకి వచ్చాడు.

"ఇంక రెండు టీలే కదా?"

ఆంజనేయులు నోరు తెరవబోయాడు. ఈలోపే సాబిరా గోడ వైపు తిరిగి, కాసేపు చెవి పెట్టింది.

"మూడే భాయ్. ఒకటి చక్కెర లేకుండా. మాస్టారు అడుగుతున్నారు."