మందుల కౌంటరు దగ్గర మా బావ

మా బావ ఇరవై రెండేళ్లు ఒకే కంపెనీలో పనిచేశాడు. అక్కను చేసుకున్న ఏడాదే అందులో చేరాడు కాబట్టి, మా ఇంట్లో వాళ్ల పెళ్లికీ ఆ ఉద్యోగానికీ ఒకటే వయసు. ఆ రెండింటిలో దేన్నీ మార్చే ఉద్దేశం లేదని బావ నలుగురి ముందూ చెప్పుకునేవాడు. అక్క వినీ విననట్టు ఊరుకునేది.

అప్పట్లో నేను వాళ్లింట్లో ఉండి చదువుకునేవాణ్ణి. ఆ కంపెనీ పెయింట్లు అమ్మే ఒక దుకాణం పైన, రెండు గదుల్లో ఉండేది. మెట్లెక్కుతుంటేనే పెయింటు వాసన గుప్పుమనేది. సాయంత్రం బావ చొక్కాకి కూడా అదే వాసన. నాలుగు కంప్యూటర్లు, ఆరుగురు మనుషులు. ఎప్పుడు చూసినా ఇద్దరు ఎవరో ఒకరి భుజం మీంచి తొంగిచూస్తూ నిలబడి ఉండేవాళ్లు. యజమానిని అందరూ పెద్దాయన అనేవాళ్లు. ఆ పెద్దాయనకు అప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్లు. మధ్యాహ్నం కాగానే కీబోర్డులు పక్కకు నెట్టి అవే బల్లల మీద క్యారియర్లు విప్పేవాళ్లు. ఆ రోజుల గురించి చెప్పమంటే బావ ఇప్పటికీ ఓ పట్టాన ఆపడు.

వాళ్లు చేసింది ఆసుపత్రుల మందుల గదులకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్. ఏ మందు ఎంత ఉంది, ఎప్పుడు తెప్పించాలి, దేనికి గడువు దగ్గరపడింది, ఇవన్నీ అదే చూసిపెడుతుంది. అందులో సగానికి పైగా బావ చేతి రాత. కంపెనీ పెరిగింది. పెయింటు కొట్టు మీంచి ఐదంతస్తుల అద్దాల భవనంలోకి మారింది. మూడో అంతస్తులో కిటికీ పక్కన బావకు ఒక కుర్చీ వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏ ముక్క ఎందుకలా ఉందో ఎవరికి కావాలన్నా ఆ కుర్చీ దగ్గరికే రావాలి. ఆఫీసులో కుర్రాళ్లంతా ఆయన్ని డిక్షనరీ అని పిలిచేవాళ్లు. అదంతా ఎక్కడైనా రాసిపెట్టమని ఎవరైనా అంటే, "నేనున్నాగా" అనేవాడు.

తర్వాత పెద్దాయన కంపెనీని అమ్మేసి వెళ్లిపోయాడు. కొన్నవాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టి, పాతదాన్ని మెల్లగా మూసేస్తామన్నారు. బావను ఎవరూ పొమ్మనలేదు. జీతం వేస్తూ పని ఇవ్వకుండా ఊరికే కూర్చోబెట్టారు. దాన్ని వాళ్ల భాషలో బెంచి మీద ఉండటం అంటారట. బావ నాలుగు నెలలు ఆ బెంచి మీద ఉన్నాడు. తొమ్మిదింటికల్లా వెళ్లి స్క్రీను తుడుచుకునేవాడు. వార్తలన్నీ చదివేసేవాడు. ఆరింటికి ఇంటికొచ్చేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, తనకంటే ఇరవై ఏళ్లు చిన్నదైన టీమ్ లీడరు దగ్గరికి వెళ్లి ఏదైనా పని ఉంటే ఇమ్మని అడిగాడు. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, కొన్నాళ్లు రెస్ట్ తీసుకోండి సార్ అంది.

"విసుక్కున్నా బాగుండేది," అన్నాడు బావ ఆ సాయంత్రం అక్కతో.

మర్నాడే రాజీనామా ఇచ్చి, ఇచ్చాక ఇంట్లో చెప్పాడు. అక్క ఫిజియోథెరపిస్టు. రోజంతా ఎవరెవరి మోకాళ్లో, నడుములో సరిచేసి అలసిపోయి వచ్చే మనిషి. పోట్లాడలేదు. మూడు రోజులు ముక్తసరిగా మాట్లాడి, నాలుగో రోజు నాకు ఫోన్ చేసింది.

"మీ బావకి మతి పోయిందిరా. కూర్చోబెట్టి జీతమిస్తుంటే చేదైందా? నువ్వొచ్చి రెండు మాటలు చెప్పు."

నేను కళ్లజోళ్ల దుకాణం నడుపుకునేవాణ్ణి. ఆ ఉద్యోగాల సంగతి నాకేం తెలుసు? అయినా అక్క మాట కాదనలేక వెళ్లాను. బావ బాల్కనీలో కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరవకముందే తనే మొదలుపెట్టాడు.

"జీతం వస్తోందిరా, కాదన్ను. కానీ పని మర్చిపోతున్నాను. మొన్న వంటింట్లో బల్బు పోతే, మార్చమని ఎవరైనా అడుగుతారేమోనని చూస్తూ కూర్చున్నాను. అడక్కుండా లేవడం కూడా చేతకావట్లేదు నాకు."

ఇక నేను చెప్పాలనుకున్న రెండు మాటలూ చెప్పలేదు. ఆఫీసు నుంచి ఆయన తెచ్చుకున్నది కుర్చీ మీద వేసుకునే దిండు ఒక్కటే. అక్క కుట్టిచ్చింది.

అప్పటి నుంచి బావ కాంట్రాక్టు పనులే చేస్తున్నాడు. ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేస్తారు, ఆరు నెలలో తొమ్మిది నెలలో ఒకచోట చేస్తాడు, గడువు అయిపోగానే బయటికొచ్చేస్తాడు. మొదటిది ఒక పార్శిల్ కంపెనీలో. అక్కడ పర్మనెంటు వాళ్ల బ్యాడ్జీ ఒక రంగు, వీళ్లది ఇంకో రంగు. ప్రతి సోమవారం గేటు దగ్గర వరసలో నిలబడి దాన్ని పొడిగించుకోవాలి. ఏ కుర్చీ ఖాళీగా ఉంటే అందులోనే కూర్చోవాలి. రెండో నెలలో ఒకరోజు టీమంతా ఫోటో దిగుదామని మెట్ల మీద చేరారు. బావ కూడా జుట్టు సవరించుకుని చివర్లో నిలబడ్డాడు. అప్పుడు ఎవరో ఫోన్ ఆయన చేతిలో పెట్టి, సార్, మీరు తీస్తారా అన్నారు. తీశాడు.

ఇంటికొచ్చి ఆ సంగతి నవ్వుతూనే చెప్పాడు. ఆ పూట నేనూ అక్కడే ఉన్నాను. అక్క నవ్వలేదు.

"ఫోటో బాగా వచ్చిందా?" అని మాత్రం అడిగింది.

"అందరి తలకాయలూ పడ్డాయి," అన్నాడు బావ.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన కంచంలో అక్క అడక్కుండానే రెండోసారి వడ్డించింది. వాళ్ల మధ్య రాజీ కుదిరిందని నాకు అప్పుడర్థమైంది.

మూడో కాంట్రాక్టు ఒక పాత ఆసుపత్రిలో. మందుల గదిలో వాడుతున్న సాఫ్ట్‌వేర్‌కి కంపెనీ సాయం ఆపేసిందని, అందులోని వివరాలన్నీ కొత్తదానిలోకి ఎక్కించి పాతదాన్ని మూసేయాలని చెప్పారు. వెళ్లి చూస్తే అది బావ రాసినదే. పెయింటు కొట్టు మీద కూర్చుని రాసిన ముక్కలు చాలావరకు అలాగే ఉన్నాయి. ఒకచోట అప్పటి పక్క సీటాయన రాసుకున్న మాట కనబడింది: "దీన్ని ముట్టుకోవద్దు, ఎందుకో నాకూ తెలీదు." బావకు ఒక్కసారిగా ఆ రెండు గదులూ, ఆ క్యారియర్లూ కళ్ల ముందుకొచ్చాయట. ఒక్కడే కూర్చుని నవ్వుతుంటే పక్కవాళ్లు విచిత్రంగా చూశారట.

ఆ మందుల గదికి పెద్ద ఒక ఫార్మసిస్టు. రిటైర్మెంటుకు రెండేళ్లున్న ఆవిడ. పదిహేనేళ్లుగా అదే స్క్రీను ముందు పనిచేస్తోంది. బావ ఇరవై రెండేళ్లలో ఒక్క మందుల గదిలోనూ అడుగుపెట్టలేదు, తను రాసింది వాడే మనిషిని ఒక్కరినీ చూడలేదు. అందుకని కౌంటరు వెనక ఒక స్టూలు వేసుకుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆవిడ చూపు కిటికీ అవతలి మనుషుల మీద ఉంటుంది, వేళ్లు వాటంతటవే మీటలు నొక్కేస్తుంటాయి. ఒక మందు పేరు మీద పసుపు పట్టీ పడింది. గడువు దగ్గరపడిందని గుర్తు.

"ఇది ఎవరు పెట్టారో గానీ, కళ్లజోడు మర్చిపోయొచ్చిన రోజున కూడా నన్ను కాపాడిందండీ," అంది ఆవిడ.

ఆ పట్టీ కోసం బావకూ పెద్దాయనకూ వారం రోజులు మాటల్లేవు. పెద్దాయన ఎరుపన్నాడు. ఎరుపు చూస్తే మనిషి కంగారుపడతాడు, కంగారులో తప్పు చేస్తాడని బావ పట్టుబట్టాడు. అదంతా గుర్తొచ్చిందట. "నేనే పెట్టానండీ," అన్నాడు.

ఆవిడ పని ఆపి బావను ఎగాదిగా చూసింది. సొరుగు లాగి, అంచులు నలిగిపోయిన ఒక నోట్‌బుక్ బయటికి తీసింది.

"అయితే మీతో నాకు పదిహేనేళ్ల గొడవ ఉంది. కదలకండి."

అందులో ముప్ఫై ఒక్క ఫిర్యాదులున్నాయి. ఒకేలా వినబడే రెండు మందుల పేర్లు పక్కపక్కనే వస్తాయి. తిరిగిచ్చిన మందు ఎక్కించాలంటే ఏడుసార్లు నొక్కాలి. మధ్యలో ఫోనొస్తే రాసిందంతా పోతుంది. మొదట్లో రెండుసార్లు కంపెనీకి ఉత్తరం కూడా రాశానని, జవాబు రాలేదని చెప్పింది. బావకు ఆ ఉత్తరాల్లో ఒకటి గుర్తుంది. మూడో అంతస్తు దాకా వచ్చింది. చదివి, వీళ్లకి వాడటం రాదు అని పక్కన పడేసింది తనే.

ఈ సంగతి నాకు చెప్పినప్పుడు, ఆవిడకు చెప్పావా అని అడిగాను. చెప్పాడట. ఆవిడ ఆ పుస్తకం మూసి, "పోన్లెండి. నేనూ మీ ముఖం తెలీకుండానే మిమ్మల్ని చాలా తిట్టాను," అందట.

ఆ ముప్ఫై ఒకటిలో పందొమ్మిది కొత్తదానిలో సరిచేయించాడు. మిగతావి తన చేతుల్లో లేవు. పసుపు పట్టీ మాత్రం ఉండి తీరాలని కొత్తది చేసిన కంపెనీ వాళ్లతో మళ్లీ వారం రోజులు వాదించాడు. పాతదాన్ని మూసేసే మధ్యాహ్నం, ఆఖరి మందు తనే ఎక్కిస్తానని ఆవిడ అడిగింది. ఎక్కించింది. బావ మూసేశాడు. స్క్రీను నల్లబడింది. అంతలో కిటికీ దగ్గర ఎవరో చీటీ పట్టుకుని పిలిచారు.

ఆ పని అయ్యాక ఏడు వారాలు ఏ పిలుపూ రాలేదు. బావ ఇంట్లో తలుపుల బందులన్నిటికీ నూనె వేశాడు. అడక్కుండానే. ఫోన్ వంక అదే పనిగా చూస్తుంటే, "అలా చూస్తే దానికి సిగ్గేస్తుంది, కాస్త పక్కకు తిరగండి," అనేది అక్క. తర్వాత ఇంకోటి వచ్చింది, ఆ తర్వాత ఇంకోటి. ఇప్పుడు ఎక్కడికెళ్లినా, తన వెనక వచ్చేవాళ్ల కోసం తెలిసిందంతా వివరంగా రాసిపెట్టి వస్తాడు. మొదటి వారంలోనే అక్కడి మనుషుల పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు.

మొన్నామధ్య అద్దాలు మార్పించుకోవడానికి మా కొట్టుకొచ్చాడు. మళ్లీ పర్మనెంటు ఉద్యోగం ఎవరైనా ఇస్తే వెళ్తావా బావా అని అడిగాను. ఫ్రేములు ఒకటొకటిగా పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ ఉండిపోయాడు.

"పాత కంపెనీలో నేనొక్క రోజు సెలవు పెడితే మధ్యాహ్నంలోపు నాలుగు ఫోన్లొచ్చేవిరా. ఎక్కడున్నావు, ఎప్పుడొస్తావు అని. ఇప్పుడెవరూ చెయ్యరు. అదొక్కటే మనసుకి వెలితిగా ఉంటుంది," అన్నాడు.

అద్దాలు ఎప్పటికిస్తావని అడిగాడు. శనివారం అన్నాను. సోమవారం కొత్తచోట చేరుతున్నానని, అది పెద్ద భవనమని, మొదటిరోజు మంచినీళ్లు ఎక్కడున్నాయో కనుక్కోవడానికే సగం పూట పడుతుందని చెప్పి, గోధుమరంగు ఫ్రేము ఎంచుకుని వెళ్లాడు.