ఎనభై ఎనిమిదో అధ్యాయం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు కొంచెం తగ్గిందని మా ఇంట్లో వాళ్ళంటారు కానీ నాకైతే అనుమానమే. ఎనభైల్లో గుంటూరులో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇంజనీరుగా పనిచేసే రోజుల్లో, నేను తయారుచేసిన పెట్టెను ఎవరైనా ఒక్క మాటంటే చాలు, ఒళ్ళు మండిపోయేది. ఆ కోపంలోనే ఒకసారి ఒక మంచి మనిషి ఉద్యోగానికి ఎసరు పెట్టాను. అయితే ఇది నా కోపం కథ కాదు, ఆయన కథ.

మా పెట్టె చేసే పని చిన్నదే. మిర్చి నిలవ ఉంచే కోల్డ్ స్టోరేజీలో గది వేడెక్కితే కంప్రెసర్‌ని నడుపుతుంది, చల్లబడితే ఆపుతుంది. వోల్టేజీ పడిపోతే మోటారు కాలిపోకుండా ఆపేసి, పది నిమిషాలు ఆగి, మళ్ళీ తనే నడుపుతుంది. ఆ ప్రోగ్రాం మొత్తం నేనే రాశాను. పెట్టె ముందు కాలిక్యులేటర్‌కున్నట్టు మీటలు, ఆరు ఎర్రంకెలు వెలిగే చిన్న కిటికీ. పని ఆగకుండానే, ఆ మీటలు నొక్కి లోపల ఏ గడిలో ఏ అంకె ఉందో చూడొచ్చు, అవసరమైతే మార్చొచ్చు. అలా చూపించే చిన్న ప్రోగ్రాంని మేం మానిటర్ అనేవాళ్ళం. పేరు చూసి తెర ఉంటుందనుకోవద్దు. ఎడమ పక్క నాలుగంకెలు గడి నంబరు, కుడి పక్క రెండంకెలు అందులో ఉన్నది, అంతే.

జనవరిలో సింగరాయకొండ దగ్గర, హైవే పక్కనున్న ఒక స్టోరేజీలో ఆ పెట్టె బిగించాను. అక్కడి ఆపరేటరుకి యాభై ఏళ్ళుంటాయి. చదివింది ఎనిమిదో తరగతి. ఆ స్టోరేజీ కట్టినప్పటి నుంచి అక్కడే పని, వెనకున్న గదిలోనే భార్యతో కాపురం. ఊళ్ళో చర్చిలో ఆదివారం వాక్యం చదివేది ఆయనే. మీటల సంగతి గబగబా చెప్పుకుపోతుంటే చెయ్యి అడ్డంపెట్టి నన్ను ఆపాడు.

"అమ్మా, ఈ మొదటి రెండంకెలు అధ్యాయం, తర్వాత రెండూ వచనం, ఈ పక్కది వాక్యం. అంతేనా?"

నాకు నవ్వాగలేదు. ఎనిమిది ఎనిమిది సున్నా సున్నా అనే గడి ఆయనకు ఎనభై ఎనిమిదో అధ్యాయం, సున్నా వచనం అయింది.

"సున్నా వచనం ఎక్కడా ఉండదమ్మా. ఒకటితో మొదలవుద్ది," అన్నాడు.

"నా దాంట్లో సున్నాతోనే మొదలవుతుంది, బాబాయ్ గారూ."

"అట్టాగే. మీ పుస్తకం, మీ ఇష్టం."

ఏప్రిల్లో ఒక గురువారం ఆ స్టోరేజీ ఓనరు ఫోన్ చేశాడు. "ఏమ్మా ఇంజనీరమ్మా, ఏం పెట్టె ఇచ్చావమ్మా నువ్వు! వారం నుంచీ మధ్యాహ్నం రెండు రెండున్నర గంటలు కంప్రెసర్ ఆగిపోతా ఉంది. బస్తాలు వెచ్చబడ్డాయని రైతులొచ్చి నా మీద పడతన్నారు. మిరపకాయ రంగు పోతే ఎవరిది పూచీ?"

అప్పుడు నాకు తొమ్మిదో నెల. కాళ్ళు వాచి, కుర్చీలో కూర్చుంటే లేవడానికి చెయ్యి పట్టుకునే మనిషి కావాలి. డాక్టరమ్మ ప్రయాణం ఊసెత్తొద్దంది. మా కంపెనీలో ఉన్న ఇంకొక్క ఇంజనీరు వేరే ఊళ్ళో ఉన్నాడు. ఇవన్నీ ఒక ఎత్తు, "ఏం పెట్టె ఇచ్చావు" అన్న మాట ఒక ఎత్తు. నోరు జారాను.

"వోల్టేజీ పడితే మా పెట్టె పది నిమిషాల్లో దానంతటదే లేస్తుందండీ. రెండు గంటలు ఆగిందంటే ఎవరో చేత్తో ఆపినట్టే. మధ్యాహ్నం పూట మీ ఆపరేటరు ఆపేసి నిద్రపోతున్నాడేమో చూసుకోండి."

"అంతేనంటావా," అని ఓనరు ఫోన్ పెట్టేశాడు. నేను చేతులు దులుపుకుని అన్నం తినడానికి వెళ్ళాను.

మర్నాడు పొద్దున పదకొండింటికి ఆపరేటరే ఫోన్ చేశాడు.

"అమ్మా, సోమవారం నుంచి వేరే మనిషి వస్తన్నాడంట. నన్ను గది ఖాళీ చెయ్యమన్నారు. నేను ఆపలేదమ్మా. ఎందుకాగుతుందో నాకు తెలియట్లా. మీరు రాలేరని ఓనరు గారు చెప్పారు. ఏ మీట నొక్కమంటే ఆ మీట నొక్కుతా, మీరు చూడండమ్మా."

నేనన్న మాటకే ఆయన ఉద్యోగం పోతోంది. అయినా చూడండి నా పొగరు, తప్పు ఆయనదేనని ఇంకా నమ్ముతున్నాను. ఫోన్ ఆఫీసు కిటికీ దాకా వస్తుందట, కిటికీలోంచి చెయ్యి చాపితే పెట్టె అందుతుందట. సరే కానివ్వండి అన్నాను. కంప్రెసర్ చివరిగా ఆగిన పదిసార్లకూ కారణాలు ఎనభై ఎనిమిదో అధ్యాయంలో దాచి ఉంటాయి, కొత్తది ఎప్పుడూ మొదటి గడిలో ఉంటుంది. ఏ అంకెకు ఏ అర్థమో కూడా నేనే చెప్పాను, చెప్పకుండా చదివించడం న్యాయం కాదనిపించింది.

"ఒకటి ఉంటే గది చల్లబడి ఆగినట్టు. రెండుంటే చేత్తో ఆపినట్టు. మూడుంటే వోల్టేజీ పడి ఆగినట్టు. అర్థమైందా?"

"అర్థమైందమ్మా. చదవమంటారా?"

చదివాడు. అబ్బ, ఏం చదివాడండీ! ట్రంకు లైనులో గరగర, మధ్యలో ఎవరివో మాటలు, అన్నిటినీ దాటుకుని ఒక్కో అంకె విడివిడిగా, తొందర లేకుండా వచ్చింది. మా ఆఫీసులో డిగ్రీలున్న కుర్రాళ్ళు పది అంకెలు చదివితే రెండు తప్పులు దొర్లేవి. ఈయన అధ్యాయం చెప్పి, వచనం చెప్పి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు వాక్యం చెప్పేవాడు. నేను రాసుకునేదాకా తర్వాతి మీట నొక్కేవాడు కాదు.

"ఎనభై ఎనిమిదో అధ్యాయం, సున్నా వచనం. సున్నా మూడు. ఒకటో వచనం. సున్నా ఒకటి. రెండో వచనం. సున్నా మూడు."

మూడో వచనం మూడు, నాలుగోది ఒకటి, ఐదోది మళ్ళీ మూడు.

"ఆరో వచనం. సున్నా రెండు."

గొంతు మారలేదు. ఆగలేదు. అదే నిదానంతో ఏడో వచనంలోకి వెళ్ళి, పదీ పూర్తిచేశాకే అన్నాడు:

"ఆ ఆరోది నేనేనమ్మా. మంగళవారం పొద్దున ఆయిల్ కారతా ఉంటే నట్టు బిగించడానికి ఆపా. పావుగంట. ఓనరు గారు ఊళ్ళో లేరు, ఆయనకి చెప్పలా."

రెండు అంటే ఏమిటో ఆయనకు నేనే చెప్పాను. ఆ ఒక్క అంకె ఉద్యోగం ఊడగొట్టేదని ఆయనకు తెలుసు. నూట యాభై కిలోమీటర్ల దూరాన, వాచిన కాళ్ళతో కూర్చున్న నాకు ఆ కిటికీలో ఏముందో ఎలా తెలుస్తుంది? మూడని చదివితే మూడనే రాసుకునేదాన్ని. ఆ క్షణం నుంచీ ఆ మనిషి ఏం చెప్పినా నాకు కళ్ళతో చూసినట్టే.

అయితే కంప్రెసర్‌ని ఆపుతున్నది వోల్టేజీయే. మరి పది నిమిషాల్లో ఎందుకు లేవడం లేదు? రెండింటికి ఆగుతుంది కదా, అప్పుడే నేను ఫోన్ చేస్తానని చెప్పి అర్జెంటు కాల్ బుక్ చేశాను.

రెండుంబావుకి లైను కలిసింది. "ఇప్పుడే ఆగిందమ్మా," అన్నాడు. పది నిమిషాల్లో ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టే గడి వేరే ఉంది. ఆ గడి తెరిచి, నిమిషానికోసారి చదవమన్నాను.

"ఎనభై తొమ్మిదో అధ్యాయం, సున్నా వచనం. పక్కన సున్నా, ఏ అనే అక్షరం."

"ఈ పెట్టె లెక్కలో ఏ అంటే పది అని అర్థమండీ. అది తగ్గుతూ రావాలి."

తొమ్మిదైంది. ఎనిమిదైంది. ఎక్స్ఛేంజిలో అమ్మాయి మధ్యలో దూరింది. "త్రీ మినిట్స్ అయిందండీ, ఎక్స్‌టెండ్ చెయ్యమంటారా?" చెయ్యమన్నాను. "ఒక్కమాట మేడమ్, ప్రార్థన చేసుకోడానికి అర్జెంటు కాలేంటండీ?" అంది.

"ప్రార్థనే తల్లీ, లైను తియ్యకు," అన్నాను.

"ఏడు, అమ్మా," అన్నాడు ఆయన. తర్వాత కాసేపటికి, అదే నిదానంతో: "సున్నా, ఏ అనే అక్షరం."

"ఏంటీ? సరిగ్గా చూడండి!"

"సరిగ్గానే చూశానమ్మా. లైట్లు మసకేసి మళ్ళీ వెలిగినై. ఏడు పోయి ఏ వచ్చింది."

మళ్ళీ తొమ్మిది, మళ్ళీ ఎనిమిది, మళ్ళీ ఏ.

"అక్కడ కరెంటుకి ఏం రోగం వచ్చిందండీ?" అని అరిచాను.

"మోటార్లమ్మా. రెండింటికి చేలకి త్రీ ఫేజు ఇస్తారు గదా. ఇప్పుడు వేరుశనగకి తడులు. ఈ ఎండలో చేలో ఎవరుంటారు? స్టార్టరు మీటకి పుల్ల గుచ్చేసి ఇంటికొస్తారు, కరెంటు రాగానే దానంతటదే తిరగాలని. రాగానే ఊళ్ళో మోటార్లన్నీ ఒక్కసారే లేస్తయి, వోల్టేజీ పడిద్ది. కొన్ని ఆగిపోతయి, వోల్టేజీ లేస్తది. మళ్ళీ అయ్యీ లేస్తయి. నాలుగున్నర దాకా ఇదే తంతు."

తర్వాత కాస్త మొహమాటంగా అడిగాడు. "నాకు తెలియక అడుగుతా, ఏమనుకోవద్దు. వోల్టేజీ పడితే నడిచే మోటారు కాలుద్ది, నిజమే. ఆగిపోయి ఉన్నదానికి ఏం దెబ్బమ్మా? పడ్డప్పుడల్లా లెక్క మొదటికి రావడం దేనికి?"

దేనికా? దేనికీ కాదు. గుంటూరులో బల్ల మీద పెట్టె పెట్టుకుని, మీట తిప్పి వోల్టేజీ ఒక్కసారి తగ్గించి, పది నిమిషాలు ఆగి, లేచిందని చూసి భేష్ అనుకున్నదాన్ని. ఆ పది నిమిషాల మధ్యలో రెండోసారి తగ్గించి చూడాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. పుల్ల గుచ్చిన స్టార్టరు నేనెప్పుడూ చూడలేదు. నెలల తరబడి రాసిన ప్రోగ్రాంలో తప్పుని, దాన్ని ఒక్క వరుస కూడా చూడని మనిషి, ఒక్క ప్రశ్నతో పట్టుకున్నాడు. ఎంత చురుకండీ ఆ బుర్ర!

"బాబాయ్ గారూ," అన్నాను. "తప్పు నాది. మీరు ఆపేసి నిద్రపోతున్నారని ఓనరు గారితో అన్నది కూడా నేనే."

"తెలుసమ్మా. ఫోన్ పెట్టేసి ఆయన నాతో ఆ మాటే అన్నారు."

తెలుసు! తెలిసే నాకు ఫోన్ చేశాడు. తెలిసే ఆరో వచనం చదివాడు.

"తెలిసి నన్నే ఎందుకు అడిగారు మరి?"

"రాసింది మీరైతే ఇంకెవరిని అడగనమ్మా?" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు, మామూలుగా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఎక్స్ఛేంజి అమ్మాయి వింటోందని కూడా చూడలేదు.

చిప్పులో ఉన్న ప్రోగ్రాంని ఫోన్‌లో మార్చలేం. కానీ పది నిమిషాలన్న అంకె మాత్రం మీటలతో మార్చగలిగే గడిలోనే ఉంది. కొత్త చిప్పు వచ్చేదాకా దాన్ని రెండు చేస్తే, వోల్టేజీ ఒకసారి పడి మళ్ళీ పడేలోపు కంప్రెసర్ లేవడానికి సందు దొరుకుతుంది. ఆయన దగ్గరుండి చూసుకుంటే మోటారుకు భయం లేదు. గడి నంబరు చెప్పాను. నొక్కబోయే ముందు ప్రతి మీటా నాకు చదివి వినిపించి, సరే అన్నాకే నొక్కాడు. మూడు నిమిషాలు గడిచాక ఫోన్‌లో ఒక మూలుగు మొదలై, పెద్దదై, ఆయన గొంతును మింగేసింది. కంప్రెసర్ లేచింది. "లేచిందమ్మా!" అని అరుస్తున్నాడు. ఎక్స్ఛేంజి అమ్మాయి "లేచిందంటండీ మేడమ్!" అంది.

సాయంత్రం ఓనరుకి ఫోన్ చేసి అంతా చెప్పాను. తప్పు మా పెట్టెది, రాసింది నేను, పట్టుకున్నది మీ ఆపరేటరు అన్నాను. ఆరో వచనం సంగతీ దాచలేదు. "అబద్ధం చెప్పాలనుకుంటే ఆ ఒక్క అంకె చాలండీ ఆయనకి. ఇలాంటి మనిషిని పంపిస్తే మీకు మళ్ళీ దొరకడు," అన్నాను.

"కొత్తవాడికి మాటిచ్చేశానమ్మా," అని నసిగాడు ఓనరు. "చూద్దాంలే."

చూద్దాంలే అంటే ఏమిటో నాకు తెలుసు. శనివారం కూర్చుని ప్రోగ్రాం సరిచేసి, కొత్త చిప్పు కాళ్ళు వంగకుండా సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితంలో గుచ్చి, అగ్గిపెట్టెలో పెట్టి సింగరాయకొండ మీదుగా వెళ్ళే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను. ఆదివారం అన్నం సయించలేదు. ఇప్పుడు చర్చిలో ఆయన వాక్యం చదువుతుంటాడు, రేపు గది ఖాళీ చేస్తాడు. పొద్దంతా ఇదే ఆలోచన. లోపల బిడ్డ కూడా ఊరికే ఉండక ఒకటే తన్నడం.

సోమవారం తొమ్మిదిన్నరకి ఆఫీసులో ఫోన్ మోగింది. సింగరాయకొండ నుంచి కాల్ అంది ఎక్స్ఛేంజి అమ్మాయి, ఆమె గొంతులోనూ ఆత్రం ఉంది. రిసీవరు చెవికి ఆనించుకున్నాను. ఏ గొంతు వస్తుందో!

అవతల గరగర. తర్వాత తొందర లేకుండా, ఒక్కో అంకె విడివిడిగా:

"గది ఖాళీ చెయ్యొద్దన్నారమ్మా. కొత్త చిప్పు ఎక్కించా. ఎనభై ఎనిమిదో అధ్యాయం, సున్నా వచనం. సున్నా ఒకటి."