నా కొడుకు తిన్న తొలి నేరేడు పండు

నా నోరు నేను విప్పక, కన్నబిడ్డకు సూది పొడిపించబోయిన తల్లిని. నవ్వుకోండి గానీ, నా కోడలికి మాత్రం చెప్పకండి. మనవడికి ఇప్పుడు పదో నెల.

ముప్ఫై ఏళ్ల కిందట, అరవైల్లో మాట. పులికాటు సరస్సు ఒడ్డున మా ఆయన వల వేసేవాడు, ఇంట్లో మా అత్త రాజ్యమేలేది. "ఏడాది నిండేదాకా బిడ్డ నోట్లో పండు పెట్టినావంటే ఊరుకోను" అని ఆమె హుకుం. నేనూ ఒట్టు వేశాను.

అత్త చేపలు ఎండేయడానికి వెళ్లిన పూట, అమ్మకానికొచ్చిన నేరేడు పండ్ల బుట్ట మా గడప ముందు దిగింది. నేనేం చెయ్యను, చెప్పండి? గింజ తీసి, గుజ్జు మెత్తగా నలిపి వేలితో నాకించాను. వాడికి ఒకటి, నాకు ఇరవై. వాడి మూతి కడిగేసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. అత్త వస్తూనే బిడ్డను ఎత్తుకుని, "పోయి నీళ్లు తేపో" అని నన్ను తరిమింది.

నేను బిందెతో తిరిగొచ్చేసరికి మా ఆయన కేకలు.

"ఏందే ఇది! బిడ్డ నోరంతా నల్లబడి ఉండాది! ఏం పెట్టినారు?"

"గంజన్నం!" అన్నాం ఇద్దరం ఒక్క గొంతుతో. మా అత్త నా పక్షాన మాట్లాడటం పెళ్లయ్యాక అదే మొదలు.

తడిబట్టలతోనే ఆయన బిడ్డను ఎత్తుకుని కాంపౌండరు దగ్గరికి పరుగు. వెనకే మేము.

"పురుగేదన్నా ముట్టిందేమో" అంటూ కాంపౌండరు స్టవ్ మీద సూది ఉడకేశాడు. నాలుక చూద్దామంటే వాడు పెదాలు బిగించేశాడు.

"నువ్వు చాపమ్మా, నిన్ను చూసి వాడూ చాపుతాడు."

నేనూ బిగించాను.

"పోనీ, పెద్దమ్మా, నువ్వు?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సూది గిన్నెలో గలగలలాడుతోంది. వాడు నన్ను చూసి బోసిగా నవ్వాడు. సిగ్గూ భయమూ కలిసి ముంచుకొచ్చాయి. నాలుక బయటపెట్టాను. నిగనిగలాడే వంకాయ రంగు.

"నేనే పెట్టినానయ్యా! ఒకే ఒక్కటి!" అని బావురుమన్నాను.

కాంపౌండరు బిడ్డ మూతిని తేరిపార చూశాడు. "ఒక్కదానికి ఇంత రంగు రాదే."

అందరం అత్త వైపు తిరిగాం. ఆమె మెల్లగా కొంగు తీసింది. నాకంటే నలుపు!

"దోవలో కొనుక్కొచ్చి నేను మూడు పెట్టినా" అంది నేల చూపులు చూస్తూ. "తొలిపండు నా చేత్తో తినాలనే కదా, నిన్ను పెట్టొద్దనింది!"

కాంపౌండరు స్టవ్ ఆర్పేశాడు. మా ఆయన ఎవర్ని తిట్టాలో తేలక బిడ్డను భుజానికెత్తుకుని ఇంటిదారి పట్టాడు.

ఆ క్షణాన, ఉడికిన ఆ సూది సాక్షిగా గట్టి ప్రమాణం చేశాను. పసిబిడ్డకు దొంగచాటుగా నేరేడు పండు పెట్టిన రోజు, చచ్చినా సరే, నేను మాత్రం ఒక్కటి కూడా తినను.