ఎలుగుబంటి నడక

ఆ బడిలో కింది అంతస్తు చివరి గదిలో బెంచీలు లేవు. ఒక్క కుర్చీ మాత్రం ఉంది. దాని మీద ఎప్పుడూ పిల్లలు విప్పిపడేసిన స్వెట్టర్లు కుప్పగా ఉంటాయి. ఇరవై రెండేళ్ళలో పాటల టీచర్ ఆ కుర్చీలో కూర్చోగా చూసినవాళ్ళు లేరు. పాటలో కప్ప వస్తే ఆవిడ గెంతుతుంది, కొంగ వస్తే ఒంటికాలి మీద నిలబడుతుంది. అందుకే పిల్లలు ఆవిడకు గెంతుల టీచర్ అని పేరు పెట్టారు. బడి మొత్తానికి అదే పేరు ఖాయమైపోయింది.

ఐదేళ్ళ పిల్లల్ని బాసింపట్టు వేయించి స్వరాలు వల్లె వేయించడమంటే ఆవిడకు ఒళ్ళు మంట. పాట ముందు కాళ్ళకు రావాలి, గొంతుకు తర్వాత అదే వస్తుందని ఆవిడ పట్టుదల. ఆవిడ దగ్గర పైస్వరం అంటే పిట్ట చెట్టెక్కడం, తాళమంటే ఎవరో ఒకరి నడక. పిల్లలందరికీ ప్రాణమైన కథ ఎలుగుబంటిది. అది తేనె కోసం అడవికి బయలుదేరుతుంది. ముందు టీచర్ బరువుగా అడుగులేస్తుంది, వెనక పిల్లలు అచ్చం అలాగే అడుగులేస్తారు. ఆ అడుగుల మీదే పాట నడుస్తుంది.

మోకాలు అనేది ఒకటుందని ఆవిడకు యాభయ్యో ఏట గాని తెలియలేదు. తెలిశాక అది ఇక మరిచిపోనివ్వలేదు. ఎడమ మోకాలిలో గుజ్జు అరిగిపోయిందనీ, ఆపరేషన్ చేయించుకోవాలనీ డాక్టర్ రాసిచ్చాడు. ఆవిడ మూడో కంటికి తెలియకుండా ఆ కాగితాన్ని బియ్యం డబ్బా కింద దాచేసింది.

భయానికి కారణం లేకపోలేదు. అంతకు రెండేళ్ళ ముందు నడుం పట్టేసిన ఆటల మాస్టారిని హెడ్మిస్ట్రెస్ లైబ్రరీకి మార్చింది. పాపం, ఆయన ఇప్పటికీ కిటికీలోంచి మైదానం చూస్తూ పుస్తకాల మీద ముద్రలు గుద్దుతున్నాడు. ఆ పక్కన తనకూ ఒక కుర్చీ వేస్తారని టీచర్ హడలిపోయింది. గట్టి పట్టీ చుట్టుకుని, పళ్ళ బిగువున నొప్పి ఓర్చుకుంటూ, ఏడాదిపాటు ఎలుగుబంటిని అడవికి తీసుకెళ్ళింది. కుంటడం లేదనే అనుకుంది.

ఇంట్లో మాత్రం ఆటలు సాగలేదు. ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. సంగీతంలో ఆయనకు ఓనమాలు కూడా తెలియవు గానీ, చెవి మాత్రం పాము చెవి.

"గోడ గడియారం వంకరగా తగిలిస్తే నీలాగే నడుస్తుంది" అన్నాడొక రోజు, తల ఎత్తకుండానే.

"మీ గడియారాల సంగతి మీరు చూసుకోండి" అని ఆవిడ విసురుగా వంటింట్లోకి పోయింది. ఆ విసురులోనూ ఒక కాలు వెనకబడింది.

ఒక సోమవారం పొద్దున బస్సు నడిపే ఒక తల్లి యూనిఫాంలోనే హెడ్మిస్ట్రెస్ గదికి వచ్చింది. ఆవిడ కూతుర్ని అందరూ బొంగరం అంటారు, ఒకచోట నిలబడదు కాబట్టి.

"మేడమ్, మా పిల్ల కుంటుతోంది. ఇద్దరు డాక్టర్లకు చూపించాను, కాలు లక్షణంగా ఉందన్నారు. విచిత్రమేంటంటే పాట పాడుతున్నప్పుడే కుంటుతుంది. పాట ఆపితే మామూలే!"

మర్నాడు కవల పిల్లల తాతయ్య వచ్చాడు. ఆయనదీ అదే గోల. హెడ్మిస్ట్రెస్ మొదట బడి బూట్లను అనుమానించింది, తర్వాత పాటల గది నేలను. చివరికి బుధవారం నాడు తనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

ఆవిడ ముందు కుంటకూడదని టీచర్ ఆ రోజు నడవలేదు. గోడకు ఆనుకుని, "ఇవాళ మీరే అడవికి వెళ్ళండి" అంది.

ఇరవై ఆరుగురు బయలుదేరారు. కుడి కాలు నిదానంగా మోపుతారు. ఎడమ కాలు నేలను తాకీ తాకగానే లాగేస్తారు. మళ్ళీ కుడి. ఒక్క పిల్ల గానీ ఒక్క పిల్లాడు గానీ తప్పలేదు. తన కాలు, తన నొప్పి, ఏడాదిగా దాచిన గుట్టు ఇరవై ఆరు జతల చిన్న మేజోళ్ళలో గది చుట్టూ తిరుగుతున్నాయి. పిల్లల కాళ్ళు పాడుచేశానే అనుకుంది టీచర్.

"అలా నడుస్తున్నారేంటమ్మా?" అని హెడ్మిస్ట్రెస్ అడిగింది.

"ఎలుగుబంటి అలాగే నడుస్తుంది మేడమ్" అంది బొంగరం, ఈమాత్రం తెలియదా అన్నట్టు. "మా టీచరే కదా ఎలుగుబంటి!"

హెడ్మిస్ట్రెస్ చూపు పిల్లల పాదాల నుంచి టీచర్ పాదాలకు వెళ్ళింది. "మోకాలు. ఆపరేషన్ చేయించుకోమన్నారు" అంది టీచర్. ఇక దాచడానికేం మిగల్లేదు.

"ముందే చెప్పాల్సింది కదండీ" అంది హెడ్మిస్ట్రెస్. మంచి మనిషే. అందుకే ఆ తర్వాతి మాట ఇంకా కష్టంగా తగిలింది. "వచ్చే వారం నుంచి లైబ్రరీలో కూర్చోండి. ఇక్కడికి ఎవరైనా కుర్రవాళ్ళని చూస్తాను."

ఇంటికి రాగానే టీచర్ జరిగిందంతా భర్తకు చెప్పి ఏడ్చింది. చెబుతూ చెబుతూ పిల్లలెలా నడిచారో చూపించడానికి బల్ల మీద రెండు వేళ్ళతో కొట్టింది. ఆయన చేతిలోని పట్టకారు పక్కన పెట్టాడు.

"మళ్ళీ కొట్టు." ఆవిడ కొట్టింది. "ఇది నీ నడక కాదే. నీ కాలు ఒక్కోరోజు ఒక్కోలా పడుతుంది. ఇది చక్కగా మూడు, రెండు. మూడు, రెండు. దీనికి మళ్ళీ లెక్కుంది."

ఆవిడ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. మూడూ రెండూ ఐదు! ఐదు దెబ్బల తాళం! అది పట్టుబడక పద్దెనిమిదేళ్ళప్పుడు తను ఆర్నెల్లు ఏడ్చింది. ఆ తాళం తగిలితే తలపండిన పాటగాళ్ళే నీళ్ళు నములుతారు. ఆ పిల్లలు తన అడ్డదిడ్డపు అడుగుల్ని సాపు చేసి, ఎవరూ నేర్పకుండా, దాన్ని కాళ్ళలో పెట్టేసుకున్నారు.

మర్నాడు వెళ్ళి హెడ్మిస్ట్రెస్‌ను ఒక్క క్లాసు అడిగింది. "చూడండి. బాలేకపోతే నేనే లైబ్రరీకి పోతాను."

కుర్చీ మీది స్వెట్టర్లు తీసి కింద పెట్టి, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి టీచర్ అందులో కూర్చుంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు.

"ఎలుగుబంటికి మోకాలు నొప్పి" అంది. "అది గుహలోనే ఉంటుంది. దాని బదులు మీరు తేనె తెస్తారా?"

ఒడిలో చిన్న డోలు పెట్టుకుని ఐదు దెబ్బలు మొదలుపెట్టింది. పిల్లలు నడిచారు. దారిలో జింక ఎదురైందని చెప్పి దెబ్బలు సమం చేసింది. ఇరవై ఆరుగురూ క్షణంలో తిన్నగా, తేలిగ్గా పరుగెత్తారు. ఎవరి కాళ్ళూ పాడవలేదు. మళ్ళీ ఎలుగుబంటి అంది, మళ్ళీ మూడు, రెండు. గుమ్మం దగ్గర హెడ్మిస్ట్రెస్ తనకు తెలియకుండానే చప్పట్లు కలపబోయి, నాలుగుసార్లు తప్పి, చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

గంట కొట్టాక లోపలికి వచ్చింది. "సెలవు పెట్టి ఆపరేషన్ చేయించుకోండి. మీరు తిరిగొచ్చేదాకా ఈ గదికి ఎవర్నీ తీసుకోను" అంది. వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆ చప్పట్లు ఎలా కొట్టాలో నాకూ చెబుదురు గాని" అంది.

నాలుగు నెలలకు టీచర్ తిరిగొచ్చింది. కొత్త మోకాలు. కర్ర కూడా లేదు. పిల్లలు మీద పడిపోయారు. అరుపులు సద్దుమణిగాక, ఎలుగుబంటి ముందు, పిల్లలు వెనక, అడవికి బయలుదేరారు. నాలుగడుగులు వేశాక వెనక చప్పుడు తేడాగా ఉందని ఆవిడ తల తిప్పి చూసింది. పిల్లలంతా మూడు, రెండు నడుస్తున్నారు. తను ఒక్కతే తిన్నగా నడుస్తోంది.

బొంగరం వరసలోంచి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మర్చిపోయారా టీచర్? ఏం పర్లేదు" అంది ఓపిగ్గా. "కుడి కాలు మీద కొంచెంసేపు ఉండండి. ఆ, ఇప్పుడు ఎడమది."