సోమవారం పనికి వెళ్ళేవారా?

2023 చలికాలం. అమెరికాలో అరోరా అనే ఊరి పక్కనే ఉన్న మా స్టేట్ ప్రభుత్వ ఆఫీసులో అప్పటికి నేను అడ్జుడికేటర్‌గా తొమ్మిదేళ్ళు పూర్తి చేశాను. పేరు నోరు తిరగదుగానీ పని చెప్పడం సులువు. ఉద్యోగం పోయినవాళ్ళు అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి, అంటే నిరుద్యోగ భృతికి అప్లై చేస్తే, ఇవ్వాలా వద్దా అని మొదట తేల్చేది మేమే. మీ తప్పు లేకుండా పని పోతే భృతి వస్తుంది. మీ అంతట మీరే మానేస్తే, యజమాని వల్లే మానేయాల్సి వచ్చిందని చూపించాలి. చూపించలేకపోతే రాదు. కంపెనీ మాట వింటాం, ఉద్యోగి మాట ఫోన్లో వింటాం, ఫైలు మూసేస్తాం.

ఆఫీసు మొత్తానికి తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మనవాళ్ళ ఫైలు వస్తే నా బల్ల మీదకే వచ్చేది. మనవాళ్ళని నాకన్నా బాగా ఎవరు అర్థం చేసుకుంటారులే అని కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వం ఎలా దిగిందో చెప్పడానికే ఇదంతా.

ఆవిడని పుష్పలత గారు అందాం. యాభై దాటిన మనిషి, కరీంనగర్ వైపు నుంచి వచ్చారు. ఒక డేకేర్‌లో రెండేళ్ళ పిల్లల గదిలో పదకొండేళ్ళు పనిచేశారు. పార్శిళ్ళు డెలివరీ చేసే భర్తకి పని గంటలు తగ్గించేశారు. కూతురు కమ్యూనిటీ కాలేజీలో చదువుతోంది. ఇంకో పని దొరికేదాకా ఇల్లు గడవాలంటే ఈ భృతే ఆధారం. అప్లికేషన్ కూతురే ఆన్‌లైన్‌లో నింపింది. ఉద్యోగం ఎందుకు పోయిందన్న చోట, సొంత కారణాలతో మానేశాను అని పెట్టింది. డేకేర్ వాళ్ళు ఆవిడ చేత్తో రాసిన రాజీనామా పంపించారు.

ఫోన్ చేశాను. తెలుగు వినగానే ఆవిడ గొంతు తేలికపడింది.

"మీరే మానేశారా అమ్మా?"

"నేనే మానేసిన మేడం. మోకాళ్ళు నొస్తున్నయ్. ఇగ చాలనిపించింది."

"రాజీనామా మీరే రాశారా?"

"నా చేతితోనే రాసిచ్చిన."

"ఎవరైనా బలవంతం చేశారా?"

ఒక్క క్షణం ఆగారు. "లేదు మేడం. బలవంతమేం లేదు."

ఆవిడ ఆగడం నాకు వినపడింది. వినపడలేదని అబద్ధం చెప్పను. పెద్దావిడ, పరువుగల మనిషి, గుచ్చిగుచ్చి అడిగితే ఏం బాగుంటుంది అనుకున్నాను. ఇంకెవరైనా అయితే మరో నాలుగు ప్రశ్నలు వేసేదాన్నే. మనావిడ కదాని మర్యాద చేశాను. సరైన కారణం లేకుండా తనంతట తానే మానేశారు, భృతి లేదు అని రాసి, తర్వాతి ఫైలు తీశాను.

ఉత్తరం అందిన రోజే ఆవిడ ఫోన్ చేశారు.

"బిడ్డ చదివి చెప్పింది మేడం. సరైన కారణం లేకుండ అని రాసిన్రట. పదకొండేండ్లు చేసిన పని నేను ఉత్తగనే ఇడిసిపెడ్తనా?"

మరి ఎందుకు విడిచిపెట్టారమ్మా అని అప్పుడైనా అడగాల్సింది. అడగలేదు. నిబంధనలు చెప్పాను.

"ముప్పై రోజుల్లో అప్పీల్ వేసుకోవచ్చమ్మా. ఫీజేమీ లేదు. జడ్జి ఫోన్లోనే వింటారు, తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని కూడా వాళ్ళే ఇస్తారు. కానీ రెండు వారాలకోసారి సర్టిఫై చేయడం మాత్రం ఆపకండి."

సర్టిఫై చేయడం అంటే ఇంకా పని దొరకలేదు, వెతుకుతున్నాను అని స్టేట్‌కి చెప్పడం. అప్పీల్ వేసి, దీన్ని వదిలేసేవాళ్ళు చాలామంది. అలాంటివాళ్ళు గెలిచినా ఆ వారాలకి ఏమీ రాదు. ఈ కేసులో నేను సరిగ్గా చేసిన పని ఇదొక్కటే.

రెండు నెలలయ్యాక మా సూపర్‌వైజర్ పిలిచారు. "నీ ఫైలొకటి అప్పీల్లో తిరగబడింది. హియరింగ్ రికార్డింగ్ విను. నిన్ను తప్పుపట్టడానికి కాదు, వినాల్సినది కాబట్టి," అన్నారు ఇంగ్లిష్‌లో.

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. లైన్లో జడ్జి, ఇంటర్‌ప్రెటర్, డేకేర్ డైరెక్టర్, పుష్పలత గారు. జడ్జిది నింపాదైన గొంతు. అందరిచేతా నిజమే చెబుతామని ప్రమాణం చేయించారు. రాజీనామా చదివి వినిపించారు. అంతవరకూ నా ఫైల్లో ఉన్నదే. ఆ తర్వాత నేను అడగని ప్రశ్న అడిగారు. ఇంటర్‌ప్రెటర్ దాన్ని తెలుగులో చెప్పాడు.

"ఆ శుక్రవారం మీరు ఈ కాగితం రాయకపోయి ఉంటే, సోమవారం పొద్దున పనికి వెళ్ళేవారా?"

చాలాసేపు ఏమీ వినపడలేదు. జడ్జి తొందరపెట్టలేదు. చివరికి ఆవిడ గొంతు సన్నగా వచ్చింది.

"ఎట్ల పోత సార్? తలుపు నంబర్ తీసేసిన్రు గద."

ఆ డేకేర్‌లో ఎవరి నంబర్ వాళ్ళు నొక్కితేనే తలుపు తెరుచుకుంటుంది. ఆ శుక్రవారం డైరెక్టర్ పిలిచి, ఇవాళే నీకు ఆఖరు రోజు, నువ్వే రాజీనామా రాసిస్తే పేరు చెడదు అన్నారట. ఈవిడ రాసిచ్చి బయటికొచ్చారు. కారు దాకా వెళ్ళాక, అన్నం డబ్బా లోపల ఫ్రిజ్‌లో ఉండిపోయిందని గుర్తొచ్చింది.

"మళ్ళ పోయి నంబర్ కొట్టిన. తెరుచుకోలే. ఇంకోసారి కొట్టిన. అద్దంలకెల్లి పిల్లలు నన్ను చూసి చేతులు ఊపుతున్నరు. నేను గూడ ఊపి వచ్చేసిన. ఇంట్ల మాత్రం నేనే మానేసిన అని చెప్పిన. తీసేసిన్రని ఎట్ల చెప్పుకుంట సార్?"

వెనక నుంచి అమెరికన్ యాసలో ఒక గొంతు వినిపించింది. "అమ్మా, నాకు ఎందుకు చెప్పలేదు?"

ఎవరది అని జడ్జి అడిగారు. నా బిడ్డ అన్నారావిడ. అమ్మాయి పక్కన ఉండటం మీకు ఇష్టమేనా, లేకపోతే వేరే గదిలోకి వెళ్ళమనండి అన్నారు జడ్జి.

"ఉండనియ్యున్రి సార్. ఇగ దాచేదేమున్నది."

జడ్జి అదే ప్రశ్న డైరెక్టర్‌ని అడిగారు.  సోమవారానికి పుష్పలత గారికి ఉద్యోగం ఉండేది కాదని ఆవిడ ఒప్పుకుంది. ఎందుకు తీసేశారంటే, పిల్లలు ఏం తిన్నారో ఎంతసేపు పడుకున్నారో టాబ్లెట్‌లో ఎక్కించమంటే కాగితం మీద రాస్తోందని, మూడుసార్లు హెచ్చరించామని చెప్పింది. చేయనని మొండికేసిందా, చేయడం రాలేదా అని జడ్జి అడిగారు. ప్రయత్నించింది, రాలేదు అంది డైరెక్టర్.

అక్కడితో కేసు తేలిపోయింది. తెలిసి తెలిసి నియమం మీరితే దాన్ని మిస్‌కాండక్ట్ అంటారు, దానికి భృతి పోతుంది. పని చేతకాకపోవడం మిస్‌కాండక్ట్ కాదు. పుష్పలత గారు మానేయలేదు, ఆవిడని తీసేశారు, అదీ ఆవిడ తప్పు లేకుండా. నా నిర్ణయం కొట్టేశారు. సర్టిఫై చేయడం ఆపలేదు కాబట్టి గడిచిన వారాలన్నిటికీ భృతి వచ్చింది.

హెడ్‌ఫోన్స్ తీశాను.  ఆవిడ భాష ఒక్క ముక్క రాని జడ్జి, మొహం కూడా చూడకుండా, చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యే ఒక్క ప్రశ్నతో లోపల దాచుకున్నది బయటికి తెచ్చారు. ఇన్ని రూల్సు, ఇన్ని ఫారాలు ఉన్న స్టేట్, డేకేర్‌లో పనిచేసే ఒక మనిషి జవాబు కోసం నోరుమూసుకుని ఆగింది. ఆవిడ ధైర్యం మాటకొస్తే, నాకైతే అంత ఉండేది కాదు. ఎవరి దగ్గర దాచారో ఆ కూతురి ముందే చెప్పేశారు.

"ఏమనిపించింది?" అని సూపర్‌వైజర్ అడిగారు.

"ఆవిడ సిగ్గుపడి చెప్పలేదు. నేను సిగ్గుపడి అడగలేదు," అన్నాను.

 జడ్జి అడిగిన ఆ సోమవారం ప్రశ్నని ఒక పసుపు కాగితం మీద తెలుగులోనే రాసి నా మానిటర్‌కి అంటించుకున్నాను. ఎవరు మానేశాను అన్నా, ఏ భాషలో అన్నా, అది అడగకుండా ఫైలు మూయడం లేదు.

మొన్న నేపర్‌విల్ నుంచి ఒక పెద్దాయన, గోదావరి జిల్లాల మాట. "అబ్బే, నన్నెవరూ తీసెయ్యలేదండీ. నేనే మానేశానండి," అన్నారు నవ్వుతూ. రాజీనామా ఇవ్వకపోతే సోమవారం పనికి వెళ్ళేవారా బాబాయిగారూ అని అడిగాను. నవ్వు ఆగిపోయింది. నేను కీబోర్డ్ మీద నుంచి చేతులు తీసేసి, ఆయన నోరు విప్పేదాకా ఆగాను.